దీపం సరే, లెక్కల పుస్తకం మాటేమిటి?

ఏటా మే 12 వస్తే చాలు, ఒకటే బొమ్మ అందరి ఫోన్లలో తిరుగుతుంది. చీకటి వార్డు, తలమీద తెల్ల టోపీ, చేతిలో దీపం. కింద త్యాగమూర్తులు, కరుణామయులు, భూమ్మీద తిరిగే దేవతలు అని రాసి ఉంటుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు అది, ప్రపంచ నర్సుల దినోత్సవం. ఆ రోజు నర్సులకు పూలిస్తారు, ఫొటోలు తీస్తారు. మర్నాడు పొద్దున వాళ్లు ఎప్పటిలాగే ఇద్దరు ముగ్గురు చేయాల్సిన పనికి ఒక్కరే వెళ్లి నిలబడతారు.

ఈ పొగడ్తల వల్ల నర్సులకు మేలు కంటే నష్టమే ఎక్కువ జరిగిందని నా గట్టి అభిప్రాయం. నర్సింగ్ చరిత్ర ఎక్కడ తిరగేసినా కనిపించేది కళ్లు పెట్టుకుని చూసినవాళ్లు, చూసింది రాసిపెట్టినవాళ్లు, రాసింది పట్టుకుని పైవాళ్లతో తగువు పడినవాళ్లు. వాళ్ల మాట విన్నచోట రోగులు బతికారు. విననిచోట పోయారు. మనం మాత్రం వాళ్ల జాలిగుండెనే మెచ్చుకుంటూ, ఆ చూపుకు దక్కాల్సిన జీతం, అధికారం, గౌరవం వాయిదా వేస్తూ వస్తున్నాం.

నైటింగేల్ సంగతే ముందు చూద్దాం. దీపం బొమ్మ వల్ల అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది ఆమెకే.

1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆమె స్కుటారి చేరింది. ఇస్తాంబుల్‌కు ఎదురు ఒడ్డున ఉన్న ఆ సైనిక ఆసుపత్రికి, రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్న బ్రిటిష్ సైనికులను ఓడల్లో తెచ్చి దించేవాళ్లు. వాళ్లకు శుభ్రమైన దుప్పట్లు, వేళకు తిండి, ఉతికిన బట్టలు అందేలా ఆమె చేసింది. రాత్రిళ్లు మంచాల మధ్య తిరిగింది కూడా. అయినా చావులు తగ్గలేదు. ఆ చలికాలం ఇంకా పెరిగాయి. 1855 ఫిబ్రవరికి వందకు 42 మంది దాకా పోతున్నారు. ఆసుపత్రి కట్టిందే పూడుకుపోయిన మురుగు కాలవల మీద. మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చి కాలవలు తవ్వించి, మంచినీళ్ల దారి బాగుచేసి, వార్డుల్లో గాలి ఆడేలా చేశాక, జూన్‌కల్లా ఆ సంఖ్య వందకు రెండు దగ్గరికి దిగింది.

అంటే కరుణ ఎంత ఉన్నా, కాలవ పూడి ఉన్నంతకాలం మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. ఈ నిజాన్ని ఆమె దాచుకోలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని నెల నెలా చావుల లెక్క తీసింది. 1858లో అచ్చు వేయించిన ఆ పటం ఇప్పుడు చూసినా గుండె ఆగినంత పనవుతుంది. పన్నెండు నెలలకు పన్నెండు ముక్కలున్న చక్రం. గాయాలతో పోయినవాళ్లకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు, ఆపగలిగి ఉండీ ఆపని అంటురోగాలకు నీలం. ఆ నీలమే పేజీ అంతా పరుచుకుని ఉంటుంది. శత్రువు తూటాల కంటే మన నిర్లక్ష్యం ఎంతమందిని చంపిందో మంత్రులు, సైన్యాధికారులు ఒక్క చూపులో గ్రహించేలా గీసిన బొమ్మ అది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీ సభ్యురాలిగా చేర్చుకున్న మొదటి మహిళ ఆమెనే.

నర్సింగ్ గురించి ఆమె రాసి 1859 చివర అచ్చయిన చిన్న పుస్తకంలో రోగిని గమనించడం మీదే ఒక పెద్ద అధ్యాయం ఉంది. అందులో ఒకచోట ఆమెకు కోపం వస్తుంది. ‘రాత్రి బాగా నిద్రపట్టిందా?’ అని అడగడం పనికిమాలిన ప్రశ్న అంటుంది. పది గంటలు ఏకబిగిన నిద్రపోకపోతే ‘సరిగా పట్టలేదు’ అనే రోగులు ఉంటారు. అయిదు రోజులు కంటిమీద కునుకు లేక చివరికి ప్రాణం పోగొట్టుకున్న రోగి విషయంలోనూ ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు అదే. కాబట్టి ఎన్ని గంటలు నిద్రపోయారు, రాత్రి ఏ ఏ వేళల్లో అని అడగండి అంటుంది. ఇవాళ్టి కేస్ షీట్‌లో ఉండే ప్రతి గడి వెనుకా ఈ పట్టుదలే ఉంది.

మరి మనకు దీపం ఎందుకు మిగిలింది? అప్పటి లండన్ పత్రికలు ఆ బొమ్మ వేశాయి, 1857లో ఒక అమెరికన్ కవి ఆ దీపం మీద కవిత కట్టాడు. లెక్కల పట్టిక మీద కవిత రాయడం కష్టం, అది ఒప్పుకుంటాను. కానీ నూట అరవై ఏళ్లకు పైగా పిల్లలకు చెప్పడానికి మనకు ఆ ఒక్క కథే దొరకడం నాకు మింగుడుపడదు.

నిజానికి నర్సింగ్ ఆమెతో పుట్టింది కూడా కాదు. ఏడో శతాబ్దంలో మదీనాలో రుఫైదా అల్ అస్లమియా గుడారం వేసి గాయపడినవాళ్లను చూసుకుందని ఇస్లామిక్ సంప్రదాయం చెబుతుంది. 1633లో ఫ్రాన్స్‌లో విన్సెంట్ ద పాల్, లూయీజ్ ద మరియాక్ కలిసి పెట్టిన డాటర్స్ ఆఫ్ చారిటీ, సన్యాసినులను మఠం గోడలు దాటించి పేదల ఇళ్లకు పంపింది. జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే ఊళ్లో 1836 నుంచే శిక్షణ ఉంది. నైటింగేల్ తొలి పాఠాలు నేర్చుకున్నది 1851లో అక్కడే.

ఆమె కాలంలోనే, అదే యుద్ధంలో, ఇంకొకావిడ ఉంది. మేరీ సీకోల్. 1805లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టింది. వాళ్లమ్మ మూలికా వైద్యం చేసేది, ఆమె దగ్గరే పని నేర్చుకుంది. పనామాలో కలరా విరుచుకుపడినప్పుడు రోగుల మధ్యే ఉంది. కలరాతో పోయిన ఒక అనాథ పసిబిడ్డ శరీరాన్ని, లోపల ఏం జరిగిందో తెలుసుకోవడానికి, తనే కోసి చూసింది. మనసు ఎంత బరువెక్కినా ఆ పని చేసిందంటే, తర్వాతి రోగికైనా అక్కరకు వస్తుందనే. ఇంత అనుభవం ఉన్న మనిషి లండన్ వచ్చి క్రిమియాకు పంపండి అని అడిగితే యుద్ధ శాఖ వద్దంది. ఒళ్లు నల్లగా ఉందనే కాదన్నారేమోనని తన ఆత్మకథలో ఆమే రాసుకుంది. సొంత ఖర్చుతో వెళ్లింది. బాలాక్లావా దగ్గర ఒక బస కట్టి, సైనికులకు తిండి పెట్టి, మందులిచ్చి, యుద్ధభూమికి వెళ్లి కట్లు కట్టింది. యుద్ధం ముగిసేసరికి అప్పులపాలైంది. 1881లో పోయాక దాదాపు వందేళ్లు ఆమెను తలుచుకున్నవాళ్లు తక్కువ. 2016లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో విగ్రహం పెట్టారు. 1860లో నైటింగేల్ పేరుతో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది కూడా ఆ ఆసుపత్రిలోనే.

నైటింగేల్‌ను ఇంత మెచ్చుకున్నాక, ఆమెతో నేను ఏకీభవించని విషయం కూడా చెప్పాలి. ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అని ఒక నర్సు. 24 ఏళ్లకే లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రికి మేట్రన్, అంటే నర్సులందరి మీద పెద్ద, అయింది. 1887లో సంఘం పెట్టి ఒక డిమాండ్ ముందుకు తెచ్చింది. నర్సులకు మూడేళ్ల చదువు ఉండాలి, దేశమంతటికీ ఒకే పరీక్ష ఉండాలి, పాసైనవాళ్ల పేర్లు ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉండాలి, ఆ పేరు లేనివాళ్లు నర్సునని చెప్పుకోకూడదు. ఇందులో కాదనడానికి ఏముంది అనిపిస్తుంది కదా. నైటింగేల్ కాదంది. మంచి నర్సుకు గుణం ముఖ్యం, గుణానికి పరీక్ష పెట్టలేం అంది.

ఆ మాట వినడానికి బాగుంటుంది. దాన్ని సంతోషంగా ఎత్తుకున్నది ఎవరో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. పెద్ద పెద్ద ఆసుపత్రుల యాజమాన్యాలు! అప్పట్లో వార్డుల్లో చాకిరీ అంతా శిక్షణ పేరుతో చేరిన అమ్మాయిలదే. వాళ్లకు పాఠం చెప్పే గంట కంటే వాళ్లతో పని చేయించుకునే గంటే ఆసుపత్రికి లాభం. గుణమే కొలత అయితే చదువు చెప్పక్కర్లేదు, జీతం పెంచక్కర్లేదు, ఎదురు మాట్లాడినవాళ్లను గుణం లేదని పంపేయొచ్చు. గుణం పేరుతో మనిషిని చవగ్గా వాడుకోవడం ఎంత సులువో ఆ ముప్పై ఏళ్ల పోట్లాట చూపించింది. ఫెన్విక్ ఊరుకోలేదు. 1899లో అంతర్జాతీయ నర్సుల మండలి పుట్టుకలో ముందున్నదీ ఆమే. 1901లో న్యూజిలాండ్ ముందుగా చట్టం చేసింది. 1902 జనవరి 10న ఎలెన్ డోహర్టీ పేరు ఆ రిజిస్టర్‌లో మొదటిదిగా ఎక్కింది. బ్రిటన్ 1919 దాకా ఆగింది. 1921లో రిజిస్టర్ తెరిచినప్పుడు మొదటి పేరు ఫెన్విక్‌దే. అప్పటికి ఆమెకు అరవై దాటాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకు సిస్టర్ జీన్ వార్డ్ ఇన్‌ఛార్జి. ఉక్కగా ఉండే ఇన్‌క్యుబేటర్ల కంటే ఎండ, గాలి మంచివని ఆమెకు నమ్మకం. ఎండ కాసిన రోజున పిల్లల మంచాలు తోసుకుంటూ బయట ఆవరణలోకి తీసుకెళ్లేది.

1956 వేసవిలో ఒకరోజు డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చారు. సిస్టర్ వార్డ్ కొంచెం బెరుకుగానే ఒక పసిబిడ్డ బట్టలు విప్పి చూపించింది. ఒళ్లంతా పాలిపోయిన లేత పసుపు. ఒక్కచోట మాత్రం త్రికోణం ఆకారంలో ముదురు పసుపు. ఏమిటిది సిస్టర్, అయోడిన్ గానీ పూశారా అని అడిగారు పెద్ద డాక్టరు. ఏమీ పూయలేదంది. బిడ్డకు కామెర్లు ఉన్నాయి, ఎండ తగిలినచోట తగ్గాయి, దుప్పటి కొస కప్పినచోట అలాగే ఉన్నాయి, అదే నేను చూపించేది అంది. డాక్టర్లు అప్పటికి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

కొన్ని వారాల తర్వాత ఇంకో విచిత్రం జరిగింది. కామెర్ల బిడ్డ రక్తం పరీక్షకు పంపితే, ఒంటికి ఆ పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం అనుకున్నదానికంటే బాగా తక్కువ వచ్చింది. ఆరా తీస్తే, ఆ రక్తం గొట్టం ల్యాబ్ కిటికీ దగ్గర ఎండలో గంటల తరబడి ఉండిపోయిందని తేలింది. అప్పుడు గుర్తొచ్చింది సిస్టర్ చూపించిన త్రికోణం. రిచర్డ్ క్రెమర్ అనే యువ డాక్టరు, తోటివాళ్లు కలిసి నీలి కాంతి ఇచ్చే గొట్టపు దీపాలతో తొట్టి తయారుచేసి పిల్లలను దాని కింద పడుకోబెట్టారు. 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. రచయితలు ముగ్గురు. ఆ ముగ్గురిలో సిస్టర్ వార్డ్ లేదు.

పుట్టిన పిల్లల్లో బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. వెలుతురు చర్మంలోని బిలిరుబిన్ రూపం మార్చి, కాలేయం పని పూర్తిగా అందుకోకముందే ఒంట్లోంచి బయటికి పోయేలా చేస్తుంది. అంతకుముందు బిడ్డ రక్తం మొత్తం మార్చడం తప్ప గట్టి వైద్యం లేదు. ఇవాళ ప్రసూతి ఆసుపత్రుల్లో కళ్లకు గంతలు కట్టి నీలి వెలుగు కింద పడుకోబెట్టిన పిల్లలను చూస్తాం కదా, అది ఒక నర్సు దుప్పటి తీసి చూసిన చూపు. ఆ వార్డులోకి ఎంతమంది వచ్చి వెళ్లి ఉంటారు? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే బిడ్డను చూసింది, నిన్నటి రంగుకీ ఇవాళ్టి రంగుకీ తేడా గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఇలాంటిదే డెన్మార్క్ నర్సు ఎలీసె సోరెన్సెన్ కథ. చెల్లెలికి పేగు ఆపరేషన్ అయి పొట్ట మీదుగా మలం పోయే దారి పెట్టారు. లీకవుతుందన్న భయంతో ఆవిడ గడప దాటడం మానేసింది. 1954లో ఎలీసె ఒంటికి దానంతటదే అతుక్కునే పల్చని ప్లాస్టిక్ సంచి ఊహించింది. ఇవాళ లక్షల మంది దాని పుణ్యమా అని నలుగురిలో తిరుగుతున్నారు.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. మా అమ్మకు కడుపు ఆపరేషన్ అయిన మూడో రాత్రి నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. మానిటర్‌లో అంకెలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. బి.పి. బాగుంది, ఆక్సిజన్ బాగుంది. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చింది. మానిటర్ వైపు ఒకసారి చూసి, దాన్ని వదిలేసి, అమ్మ పక్కన నిలబడి ఊపిరికి దుప్పటి పైకీ కిందికీ కదలడం చూస్తూ గడియారం పట్టుకుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించలేదు. నిండా ఒక నిమిషం నిలబడింది. ‘‘పడుకోనివ్వు తల్లీ, బాగానే ఉన్నాను’’ అంది అమ్మ. ‘‘అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం’’ అంటూ పాదాలు ముట్టుకుంది. షీట్‌లో 28 అని రాసింది. దాని పై గడిలో 18 ఉంది.

ఫోన్ తీసి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడింది. ‘‘సార్, సర్జరీ పేషెంట్, రెస్పిరేషన్ 28 ఉంది. నాలుగు గంటల కింద 18 సార్. బి.పి. నార్మలే. కాళ్లు చల్లగా ఉన్నాయి, మనిషి తేడాగా ఉన్నారు.’’ పొద్దున చూద్దాం, అబ్జర్వ్ చెయ్యండి అన్నారు కాబోలు. ఆవిడ ఫోన్ పెట్టేసి, వార్డంతా ఒక చుట్టు చుట్టి, మళ్లీ వచ్చి నిమిషం లెక్కపెట్టింది. ఈసారి 32. మళ్లీ ఫోన్. ‘‘మీరు వచ్చి చూడండి సార్. లేకపోతే పెద్ద సార్‌కి నేనే చెప్తాను’’ అంది. గొంతు పెంచలేదు, చెయ్యి మాత్రం సన్నగా వణికింది. డాక్టరు వచ్చారు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతోందని తేలింది. తెల్లారేలోపు రక్త పరీక్షలు, యాంటీబయాటిక్స్, సెలైన్ అన్నీ మొదలయ్యాయి. అమ్మ ఇంటికొచ్చింది. డిశ్చార్జ్ కాగితంలో సర్జన్ పేరుంది, మత్తు డాక్టరు పేరుంది, డ్యూటీ డాక్టరు సంతకం ఉంది. 28, 32 అని రాసిన మనిషి పేరు ఎక్కడా లేదు.

ఒంట్లో ఏదో చెడుతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో ఊపిరి వేగం ఒకటని, అన్నిటికంటే అశ్రద్ధగా రాసేది కూడా దాన్నేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. మనిషి నిలబడి లెక్కపెట్టాలి మరి. మంచం దగ్గర ఒక నిమిషం నిలబడే తీరిక ఉన్న నర్సు కావాలి. పైవాళ్లకు రెండోసారి ఫోన్ చేస్తే ఏమవుతుందో అన్న టెన్షన్ లేని నర్సు కావాలి.

ఆ టెన్షన్ ఎంత ప్రమాదమో అమెరికాలో ఒక ప్రయోగం చూపించింది. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు, అతని బృందం, ఎవరికీ పరిచయం లేని డాక్టరు పేరుతో నర్సులకు ఫోన్ చేయించారు. ఫలానా రోగికి ఈ మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వండి అని. మందు డబ్బా మీద 10 మించకూడదని స్పష్టంగా ఉంది. ఫోన్‌లో చెబితే మందు ఇవ్వకూడదని ఆసుపత్రి రూలు. అయినా 22 మందిలో 21 మంది మందు తీసుకుని రోగి దగ్గరికి బయలుదేరారు. దారిలో ఆపేశారు. అది ఉత్త పంచదార గోళీ, కాబట్టి హాని ఏమీ లేదు.

ఈ కథ చెప్పి నర్సులను తప్పుపట్టేవాళ్లు 1977లో రాంక్, జేకబ్‌సన్ చేసిన ప్రయోగం సంగతి చెప్పరు. అక్కడ మందు నర్సులకు బాగా తెలిసిన వాలియం. ఫోన్ చేసిందీ తెలిసిన డాక్టరే. తోటి నర్సులతో మాట్లాడుకునే వీలు ఉంది. అప్పుడు 18 మందిలో ఇద్దరే ఆ ఎక్కువ డోసు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మందు గురించి తెలిసి, పక్కన అడగడానికి మరో మనిషి ఉంటే ‘కాదు’ అనడం వచ్చింది. ఒంటరిగా నిలబెట్టి, వినయం ఒక్కటే నేర్పితే రాలేదు.

వినయం ఒక్కటే నేర్పితే ఏమవుతుందో చరిత్రలో ఇంతకంటే భయంకరంగా రాసి ఉంది. నాజీల కాలంలో మెసెరిట్జ్-ఓబ్రావాల్డే అనే మానసిక ఆసుపత్రిలో వేల మంది రోగులను మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి చంపారు. అందులో నర్సుల చేతులు ఉన్నాయి. 1965లో మ్యూనిక్‌లో 14 మంది నర్సుల మీద విచారణ జరిగింది. పైవాళ్లు చెప్పారు, చేశాం అన్నారు. అందరినీ వదిలేశారు.

అలబామాలోని టస్కిగీ కథ నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది, ఎందుకంటే అందులో క్రూరత్వం ముఖం కనబడదు. 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ 399 మంది సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదలను, పోల్చడానికి జబ్బు లేని మరో 201 మందిని గమనిస్తూ పోయింది. జబ్బు పేరు వాళ్లకు చెప్పలేదు. దాన్ని నయంచేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ మనుషులకూ డాక్టర్లకూ మధ్య నలభై ఏళ్లు వారధిగా ఉన్నది యూనిస్ రివర్స్ అనే నల్లజాతి నర్సు. వాళ్లను తన కారులో పరీక్షలకు తీసుకెళ్లేది, ఇళ్లకు వెళ్లి బాగోగులు కనుక్కునేది. వాళ్లు ఆమెను ప్రేమించారు, ఆమె కూడా వాళ్లను ప్రేమించిందనే అందరూ చెబుతారు. 1958లో ప్రభుత్వం ఆమెకు అవార్డు ఇచ్చింది. ఆ దయే లేకపోతే అంతమంది నలభై ఏళ్లపాటు తిరిగి తిరిగి వచ్చేవాళ్లే కాదు. జాతి వివక్ష రాజ్యమేలుతున్న ఊళ్లో, తెల్లజాతి డాక్టర్ల కింద పనిచేసే ఆమెకు ‘కాదు’ అనే దారి ఎంత ఉందో కూడా చూడాలి. ఆమె ఒక్కదాన్నే బోనులో నిలబెట్టను. నర్సు దగ్గర దయ తప్ప ఏ అధికారమూ ఉంచని ఏర్పాటు ఆ దయను కూడా వాడేసుకుంది.

ఎదురు నిలిచినవాళ్లూ ఉన్నారు. ఈడిత్ కావెల్ బ్రస్సెల్స్‌లో నర్సుల శిక్షణ పాఠశాల నడిపేది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చినవాడు ఏ పక్షమైనా వైద్యం చేయించింది. జర్మన్ ఆక్రమణ నుంచి దాదాపు 200 మంది మిత్రపక్షాల సైనికులు తప్పించుకోవడానికి సాయం చేసింది. 1915 అక్టోబరు 12న కాల్చి చంపారు.

సిసిలీ సాండర్స్ దారి వేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుగా శిక్షణ పొందింది, వెన్ను నొప్పితో ఆ పని వదిలి ఆసుపత్రిలోనే సామాజిక సేవా ఉద్యోగం చేసింది. చావుకు దగ్గరైనవాళ్లు నొప్పితో ఎలా మెలికలు తిరుగుతున్నారో దగ్గరుండి చూసింది. నొప్పి తిరగబెట్టే దాకా ఆగకుండా వేళ ప్రకారం మార్ఫిన్ ఇస్తే వాళ్లు ప్రశాంతంగా ఉంటున్నారని కూడా చూసింది. అప్పటి వైద్యుల అలవాటుకు అది విరుద్ధం. దీని మీద పనిచేయాలనుంటే డాక్టరు చదువు చదువు, లేకపోతే నీ మాట ఎవరూ వినరు అని ఒక సర్జన్ ఆమెకు సలహా ఇచ్చాడు. ముప్పై దాటాక మెడికల్ కాలేజీలో చేరింది. డాక్టరయింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్ల నొప్పి తగ్గించి చూసుకునే చోటు. ఇవాళ ప్రపంచమంతా నడుస్తున్న హాస్పిస్‌లకు అదే నమూనా. ఆమె గొప్పతనానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ నర్సుగా చూసిన నిజం చెల్లుబాటు కావడానికి ఆమె మళ్లీ మొదటి నుంచి చదువుకుని డాక్టరుగా తిరిగి రావాల్సి వచ్చింది. అలా రాలేనివాళ్లు ఎంతమంది ఏమేం చూసి ఉంటారో!

‘అయితే కరుణ అక్కర్లేదా?’ అని అడుగుతారని తెలుసు. నర్సులే అడుగుతారు, అది వాళ్ల గర్వం. కావాలి. కానీ కరుణకు తీరిక కావాలి. పదిహేను మంచాలు ఒక్కరికి అప్పగిస్తే ఎంత మంచి మనసున్న మనిషైనా పరుగెత్తాల్సిందే. ఆ పరుగులో విసుక్కుంటే ‘ఈ నర్సులకు జాలి లేదు’ అంటాం. కోవిడ్ వచ్చిన 2020లో లోకమంతా బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టింది. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది ఆరోగ్య కార్యకర్తలు ఆ జబ్బుతో పోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వాళ్లలో చాలామందికి కావాల్సింది చప్పట్లు కాదు, సరైన మాస్కు.

లెక్కలు చూడాలంటే అవీ ఒక నర్సు తీసినవే ఉన్నాయి. లిండా ఐకెన్ నర్సుగా మొదలై పరిశోధకురాలైంది. 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన 2 లక్షల 32 వేల మంది రికార్డులు పరిశీలించింది ఆమె బృందం. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన ప్రతిసారీ, నెల రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల 300 ఆసుపత్రుల్లో చూస్తే మళ్లీ అదే. పైగా డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువున్నచోట చావులు తక్కువ. నర్సు చదువుకు ప్రాణం విలువ ఉందని దీనికంటే సూటిగా ఎలా చెప్పగలం?

అయినా డబ్బు ఎక్కడిది అంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులకు రూలు పెట్టింది. సగటున పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు. 2021లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. చావులు తగ్గాయి, డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ చేరేవాళ్లు రూలు లేని ఆసుపత్రుల్లోలా పెరగలేదు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. అదనపు నర్సులకు పెట్టిన ఖర్చు కంటే రెండు రెట్లకు పైగా డబ్బు మిగిలింది. కాలిఫోర్నియాలో అయితే ఇలాంటి చట్టం 2004 నుంచే అమల్లో ఉంది.

2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లోటు పూలతో పూడదు. మనవాళ్లను ఏ ఆసుపత్రిలో చేర్చినా గది అద్దె అడుగుతాం, సర్జన్ ఎక్కడ చదివాడో అడుగుతాం. ఈ వార్డులో రాత్రిపూట ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు అని కూడా అడుగుదాం. నర్సు రెండోసారి ఫోన్ చేస్తే డాక్టరు వచ్చి చూడాలన్న రూలు ఇక్కడ ఉందా అని అడుగుదాం. పరిశోధన వ్యాసంలో, డిశ్చార్జ్ కాగితంలో, ముందుగా పసిగట్టిన మనిషి పేరు రాయమందాం. అడిగేవాళ్లు లేరు కాబట్టే ఈ అంకెలు మన ఆసుపత్రుల గోడల మీద కనిపించడం లేదు.